నూనె ముట్టని వారం

ఆదివారం

ఈ డైరీ తెరిచినవాడా, నిన్నే అడుగుతున్నాను: పరీక్షించకుండా దేన్నైనా నమ్మి బాగుపడ్డావా? అన్నీ పరీక్షించి మంచిదాన్నే పట్టుకోమంది లేఖనం.

మా సంఘానికి కొత్త ల్యాప్‌టాప్ వచ్చింది. ఆఫీసులవాళ్లు వాడే రకం. పాతది ఈస్టర్ లైవ్ నడుస్తుండగా, సమాధి రాయి దొర్లకముందే చచ్చింది. తుంటి విరిగి ఇంటికే పరిమితమైన మిస్ ఆర్డీలియా ఆ లైవ్ మీదే ఆధారపడింది. ప్రభువు లేచాడో లేదో ఆమెకు సోమవారందాకా తెలియలేదు.

రేపు కాక పై సోమవారంలోగా నచ్చకపోతే దీన్ని తిరిగిచ్చేయొచ్చు. పరీక్షించే పని పాస్టర్‌గా నాది. సంఘం లెక్కలు చూసే సిస్టర్ వెర్లీన్, నన్ను చిన్నప్పటి నుంచి ఎరిగిన మనిషి, ఒక షరతు పెట్టింది.

"బ్రదర్ థర్లో, వారంపాటు దానికి ప్రార్థన చెయ్యకు. నూనె అసలే ముట్టించకు. బాగా పనిచేస్తే, అది యంత్రం గొప్పా నీ ప్రార్థన గొప్పా మాకు తెలియాలిగా."

"నా చేతులు కట్టేస్తున్నావు సిస్టర్."

"చేతులు కాదు, సీసా."

ఈ కొండల్లో పికప్ ట్రక్కయినా కుట్టుమిషనైనా ఆలివ్ నూనె బొట్టు పెట్టి, చేతులుంచి ప్రార్థించాకే వాడతాం. అయినా ఒప్పుకున్నాను. నూనె లేదు, ప్రార్థన లేదు. ఇది నా నిశ్చయం.

సోమవారం

కార్లకు సైలెన్సర్లు బిగించే మఫ్లర్ షాపులో పని ముగించుకొచ్చి కూర్చున్నాను. వేగం: భేష్. పాటలు, కెమెరా, లెక్కలు, నా ప్రసంగం ఒకేసారి తెరిచాను. తడబడలేదు. బ్యాటరీ పొద్దంతా వస్తుందని పెట్టె మీద రాసుంది. రాసి ఉన్నదాన్ని నమ్మడం నాకు అలవాటే.

ప్రార్థన: చేయలేదు. భోజనానికి చేశాను. ల్యాప్‌టాప్ అదే బల్ల మీద ఉండటం నా తప్పు కాదు.

మంగళవారం

వేదిక దగ్గరున్న ఒక్క ప్లగ్గూ ఆర్గన్‌కే పోతుంది. కాబట్టి బ్యాటరీయే దిక్కు. కెమెరా పెట్టి, లైవ్ నడిపి, ఖాళీ బెంచీలకు ప్రసంగించాను. అంశం: దీపాల్లో నూనె అయిపోయిన బుద్ధిలేని కన్యకలు. వాళ్లు తలుపు తట్టేసరికి స్క్రీన్ ఆరిపోయింది.

వెనక బెంచీలో మొక్కజొన్న రొట్టె తింటున్న వెర్లీన్ అంది: "ప్రసంగం తగ్గించు, సరిపోతుంది."

"దేవుని మాటను తగ్గించమంటావా?"

"దేవుని మాటకు ఇరవై నిమిషాలు చాలు. మిగతాదంతా థర్లో మాట."

బుధవారం

వారంటీ పరీక్ష. కంపెనీకి ఫోన్ చేశాను. చాలాసేపు సంగీతం వినిపించారు. కోపగించుకోలేదు. బూడిదలో కూర్చుని పుండ్లు గోక్కున్న భక్తుడు ఇంతకన్నా ఓర్చుకున్నాడు. చివరికి మారిసెల్ అనే అమ్మాయి పలికింది.

"స్క్రీన్ వెలుగు తగ్గించండి సర్, బ్యాటరీ నిలుస్తుంది."

"వెలుగును కుంచం కింద పెట్టమంటావా తల్లీ?"

"కుంచం మా దగ్గర దొరకదు సర్. సెట్టింగ్స్‌లో ఉంటుంది చూడండి."

ఓపికగల పిల్ల. ఇంకోటి కూడా చెప్పింది: తడి తగిలితే వారంటీ వర్తించదు. రాసుకున్నాను. వెలుగు తగ్గించాను. బ్యాటరీ నిజంగానే నిలిచింది.

శుక్రవారం

మిస్ ఆర్డీలియా ఫోన్. "నాయనా థర్లో, ఈసారైనా ఆమెన్ దాకా వినిపిస్తావా? ఆదివారం టోపీ పెట్టుకుని కూర్చుంటాను. సగంలో ఆగిపోతే, టోపీ పెట్టుకుని గోడ వంక చూస్తూ ఉంటాను, పిచ్చిదానిలా."

ఆ మాట తర్వాత ల్యాప్‌టాప్ మూత మీద చెయ్యి పెట్టాను. ఊరికే పెట్టాను. చెయ్యి పెట్టడం ప్రార్థన కాదు. పెదవులు కదిలాయి. పెదవులు కదలడం కూడా ప్రార్థన కాదు, కళ్లు తెరిచే ఉన్నాయి. కాసేపు.

శనివారం

ఒక్క బొట్టు అనుకున్నాను. మూత మీద మాత్రమే. ఒక పెద్దావిడ టోపీ కోసం. ఇది పరీక్షను చెడగొట్టదు, పైపెచ్చు బలపరుస్తుంది.

బొట్టు పెట్టాను. మూత తెరిచాను. బ్యాటరీ నిండుగా ఉంది. స్తోత్రం అని రెండు చేతులూ ఎత్తాను. ఒక చేతిలో బిరడా తీసిన సీసా ఉంది.

నొక్కిన కీలు లేవడం లేదు. పునరుత్థానం అందరికీ గాని, కీబోర్డుకు కాదు.

మారిసెల్‌కు ఫోన్ చేశాను. "ఏమైనా తడి తగిలిందా సర్?"

"నీళ్ల చుక్క కూడా పడలేదమ్మా."

ఒక్కొక్క మాటా నిజం. మొత్తం అబద్ధం. ఆదాము ఆకుల చాటున దాక్కున్నాడు, నేను నీళ్ల చాటున దాక్కున్నాను. సోమవారం మనిషిని పంపి కీబోర్డు మారుస్తామంది.

ఆదివారం

మౌస్‌తోనే లైవ్ మొదలైంది. ఈవారం అంశం అబద్ధం; నిన్న నేనే ఒకటి ఆడి, దాని మీద సాగదీసి ప్రసంగించడం నావల్ల కాలేదు. ఇరవై నిమిషాల్లో ఆమెన్ అన్నాను. బ్యాటరీ సగం మిగిలే ఉంది.

మిస్ ఆర్డీలియా ఫోన్: "ఆమెన్ దాకా విన్నాను నాయనా. ఇంత తొందరగా ముగించావు, జ్వరమా?"

వెర్లీన్ ల్యాప్‌టాప్ మీదికి వంగి వాసన చూసింది. "దీన్లోంచి సలాడ్ వాసనొస్తోంది." ఆమె చెయ్యి చాపింది. సీసా ఇచ్చేశాను. హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది.

"కంపెనీవాళ్లకు ఏం చెప్పావు?"

అంతా చెప్పాను, రేపు మనిషి వస్తాడని కూడా.

"రేపు పనివాడు మూత విప్పగానే తెలిసిపోతుంది. అప్పుడు నీ పేరు కాదు, సంఘం పేరు పోతుంది. ఆర్డీలియాకు నువ్వు చెప్పే ఆమెన్ ఎవరు నమ్ముతారు?"

వారంటీ పోతే పోనీ, వేరే కీబోర్డు తగిలించుకుంటాం. నిశ్చయం ఈ పూట నుంచే మళ్లీ మొదలు: నూనె లేదు, ప్రార్థన లేదు, వారం రోజులు. ముందు మారిసెల్‌కు ఫోన్. ఫోన్‌కు ముందు ఒక చిన్న ప్రార్థన... లేదు. ముందు ఫోన్.

చదివేవాడా, నువ్వూ ఎవరికో నీళ్లు అని చెప్పి నూనె దాచావు. రేపు మూత విప్పే మనిషి వస్తాడు. ఆగకు. కాఫీ చల్లారేలోపే ఫోన్ తియ్యి. ఇవాళే.