మూత పెట్టని బ్యాటరీ

అక్టోబరు 5, ఆదివారం
సునీత వెళ్లి మూడు రోజులు. కంది ఊళ్లో వాళ్లక్క ఇంట్లోనే ఉందట, తోడల్లుడు ఫోన్ చేసి చెప్పాడు. అన్నం మళ్లీ ఇద్దరికి వండాను.

అక్టోబరు 6
రాసుకుంటేనే నయం. దసరా పొద్దున నేను స్నానానికి వెళ్లాను. ఆమె కరెంటు స్కూటీ కోసం నేను కడుతున్న బ్యాటరీకి ఆమే పూజ చేసింది. పసుపు, కుంకుమ, బంతిపూలు. హారతిచ్చి స్టీలు పళ్లెం దాని మీదే పెట్టింది... రెండు టెర్మినళ్లకూ తగిలింది. ఠప్పుమని మెరుపు. పళ్లేనికి చిల్లు. ఆమె కుడి చేతి వేళ్లు కాలాయి.
పరుగెత్తుకొచ్చి నేను ముందు చూసింది బ్యాటరీ సెల్స్‌ని. తర్వాత, "బుద్ధి ఉన్నదా నీకు?" అన్నాను. ఆ రోజే వెళ్లిపోయింది.
నేను పనిచేసే కంపెనీలో బ్యాటరీకి మూత బిగించాకే బొట్టు పెట్టనిస్తారు. ఆ సంగతి ఆమెకు నేను చెప్పనే లేదు. మూత లేకుండా, ఫ్యూజు లేకుండా దాన్ని పూజలో పెట్టింది నేను. తప్పు నాది, తిట్లు ఆమెకు.

అక్టోబరు 8
సునీత ఫోన్ ఎత్తలేదు.

అక్టోబరు 10
దెబ్బతిన్న సెల్స్ తీసి కొత్తవి వేశాను. ఈసారి ఫ్యూజే మొదట. టెర్మినళ్లకు రబ్బరు టోపీలు, పైన మూత. పరీక్ష ఇంట్లో వద్దన్నాడు ఇంటి ఓనరు. మిద్దె మీద చేసుకోమన్నాడు. నిజమే మరి.

అక్టోబరు 11
మిద్దె మీద, పక్కన ఇసుక బకెట్. హీటరు కాయిళ్లను లోడుగా పెట్టి... కొంచెం కరెంటు, ఆగడం, వేడి చూడడం, ఇంకొంచెం. నిండు లోడు మీద అరగంట. గోరువెచ్చన దాటలేదు.
పని ఇంత బాగా కుదిరింది, చూపిద్దామంటే మనిషి లేదు. పక్క గది ఒడిశా ఆయన బట్టలు ఆరేయడానికి వచ్చి, "హో గయా?" అన్నాడు. హో గయా అన్నాను. ఈ రోజంతటికీ నేను మాట్లాడింది అదే.

అక్టోబరు 12, ఆదివారం
కంది వెళ్లాను. ఫ్యూజు, టోపీలు, అరగంట లోడు — అన్నీ చెప్పాను. ఇక భయం లేదన్నాను. సునీత ఎడమ చేత్తో చాయ్ ఇచ్చింది. ఎవరికీ ఎడమ చేత్తో ఏదీ ఇవ్వని మనిషి.
"డబ్బ మంచిగైందని జెప్పనీకి ఇంత దూరం వచ్చినవా?" అంది.
అవునని తల ఊపాను! ఏం చేశానో తెలిసేసరికి తిరుగు బస్సు రుద్రారం దాటింది. సిగ్గుతో చచ్చాను.

అక్టోబరు 13
డ్యూటీకి పోలేదు. పొద్దున పదింటికి ఫోన్ చేశాను. ఎత్తింది.
"నీ చెయ్యి ఎట్లున్నది?" అన్నాను.
ఆమె ఫోన్ పెట్టెయ్యలేదు.