రెండు ఫ్యాన్ల కార్డు

నాగర్‌కర్నూల్,
మార్చి 3.

బాలనాగమ్మ అత్తకు మేనల్లుడు నాగేశ్ దండాలు పెట్టి రాస్తున్నది.

ఇక్కడ అమ్మ, నేను బాగున్నాం. మానవపాడులో నువ్వు, నీ మిరప కళ్లం ఎలా ఉన్నారో రాయి. ఫోన్ చేద్దామంటే నేను చెప్పేది ఒకటి, నీకు వినపడేది ఇంకొకటి. పోయినసారి అమ్మకు దగ్గు అని చెబితే డబ్బా నిండా ముగ్గు పంపావు. అందుకే ఉత్తరం.

మిరప అమ్మాక ఏం కావాలో అడగమన్నావు కదా. నాకు ఒక గ్రాఫిక్స్ కార్డు కావాలి అత్తా. డిగ్రీ అయి ఏడాదైంది. ఇల్లు కట్టకముందే కట్టాక ఎలా ఉంటుందో కంప్యూటర్లో బొమ్మ చేసి చూపించే పని నేర్చుకున్నాను. ఇప్పుడు ఆ పనికి బాగా గిరాకీ ఉంది. కానీ నా కంప్యూటర్ పాతది. బొమ్మ తెరిస్తే చాలు, బిగుసుకుపోతుంది. కార్డు లేకపోతే నా పని ముందుకు పోదు. మరీ ఖరీదైనది వద్దు, మన అందుబాటులో ఉన్నదే చాలు.

ఇట్లు,
నీ నాగేశ్

తా.క.: నాలుగు జీబీకి తగ్గకూడదు. రెండు ఫ్యాన్లు ఉంటే ఇంకా మంచిది.


మానవపాడు,
మార్చి 10.

చిరంజీవి నాగేశ్‌ను అత్త దీవించి రాయునది.

ఉత్తరం అందింది. చేతిలో పని పట్టుకున్నావని చదివి కడుపు నిండింది. కార్డు సంగతి నాకు వదిలేయి. మీ మామ పోయాక రేషన్ కార్డు మార్పించింది నేనే, పింఛను కార్డు తెచ్చుకున్నదీ నేనే. నిన్న సోమవారం దరఖాస్తులు తీసుకునే రోజు కాబట్టి తెల్లచీర కట్టుకొని మండలాఫీసుకు పోయాను.

అక్కడ బల్ల దగ్గర కూర్చున్న పిల్లవాడు మంచివాడు. గ్రాఫిక్స్ కార్డు అనగానే కంప్యూటర్లో వెతికాడు, పక్కాయన్ని అడిగాడు, ఫోన్ కూడా చేశాడు. చివరికి నా చెవి దగ్గరికి వంగి చెప్పాడు. "గా కార్డు ఇంక మా దాంక రాలే పెద్దమ్మా. కాగితం రాసిచ్చి పో, వస్తే నీకే ముందు చెప్త" అన్నాడు. రాసిచ్చాను. జీబీ అంటే ఏమిటని లైన్లో అడిగితే సాక్షి సంతకం అయి ఉంటుందని ఒకాయన చెప్పాడు. నాలుగుకు తగ్గొద్దన్నావు కదా, ఐదుగురితో పెట్టించాను.

లైన్లో ఉన్న సగం మంది ఇళ్ల కోసం వచ్చినవాళ్లే. కట్టకముందే ఇల్లు చూపించే అల్లుడు నాకున్నాడని అందరికీ చెప్పాను. నీ అడ్రసు ఇచ్చాను.

ఇట్లు,
అత్త బాలనాగమ్మ

తా.క.: ఫ్యాన్లలో ఒకటి నా దగ్గరే ఉంది. రెక్క కొంచెం వంగింది కానీ గాలి వస్తుంది. రెండోది సీలింగుదైతే ఒప్పుకుంటారా?


నాగర్‌కర్నూల్,
మార్చి 15.

అత్తమ్మకు నాగేశ్ నమస్కారాలు.

నీ ఉత్తరం చదివి అమ్మ అరగంట నవ్వింది. నేను నవ్వలేదు. తప్పు నాదే, సరిగా రాయలేదు. గ్రాఫిక్స్ కార్డు ప్రభుత్వం ఇచ్చేది కాదు అత్తా. కంప్యూటర్ డబ్బా లోపల బిగించే ఒక భాగం. తెర మీద బొమ్మలు తొందరగా, సాఫీగా కదలడానికి పనికొస్తుంది. జీబీ అంటే దాని జ్ఞాపకశక్తి కొలత. ఫ్యాన్లు దానికే ఉంటాయి, అరచేతి అంత. నీ ఫ్యాన్ నువ్వే వేసుకో.

కార్డు కంప్యూటర్ షాపులో దొరుకుతుంది. నాకు కావలసిన దాని పేరు చీటీ మీద రాసి ఇందులో పెట్టాను. గద్వాలకు పోయినప్పుడు ఆ చీటీ చూపించు, చాలు. ఇంకేమీ అడగాల్సిన పని లేదు. వాళ్లు అడిగినా చెప్పాల్సిన పని లేదు.

ఇంకొక మాట. నా పని గురించి ఇప్పుడే అందరికీ చెప్పకు. కార్డు రాకముందే జనం వస్తే బాగుండదు.

ఇట్లు,
నాగేశ్

తా.క.: ఆ దరఖాస్తు వెనక్కి తీసుకో. ఐదుగురు సాక్షులకు కూడా చెప్పు.


మానవపాడు,
మార్చి 22.

చిరంజీవి నాగేశ్‌కు దీవెనలు.

దరఖాస్తు వెనక్కి ఇమ్మంటే ఆఫీసు పిల్లవాడు ఇవ్వలేదు. దానికి నంబరు పడిందట.

గద్వాలలో కురుమూర్తి అనే ఆయన షాపుకు పోయాను. నాకు వినపడదని చెప్పగానే ఒక నోటుపుస్తకం తీసి, తను చెప్పేదంతా రాసి చూపించాడు. నీ చీటీ చదివాడు. లోపలి నుంచి ఒక అట్టపెట్టె తెచ్చి తీశాడు. నాగేశ్, అది కార్డు కాదురా, ఇటుక. రెండు ఫ్యాన్లు, జానెడున్నర పొడుగు. అది నీ డబ్బాలో పడుతుందా అని ఆయన అడిగాడు. నాకేం తెలుసు? "ముందు డబ్బా కొలత, తర్వాత కార్డు" అని రాసి కింద గీత కొట్టాడు. ఇంత కార్డుకు కరెంటు కూడా బాగా కావాలట. పాత డబ్బాల్లో కరెంటు పెట్టె చిన్నదైతే నడుమనే ఆగిపోతుందట. నీ డబ్బా ఎంత ఉందో, కరెంటు పెట్టె మీద ఎన్ని వాట్లని రాసి ఉందో చూసి రాయి.

ఒకరు వాడి అమ్మిన కార్డు కూడా చూపించాడు. నాలుగేళ్లు ఏదో నెట్ సెంటర్లో తిరిగిందట. ఎద్దును కొనేటప్పుడు నడిపించి చూడకుండా కొంటామా? నడిపించమన్నాను. నడిపిస్తే బల్ల మీద చెయ్యి పెట్టి చూశాను. నాకు చప్పుడు వినపడకపోయినా బల్ల పిండి గిర్ని లాగా వణికింది. వద్దన్నాను.

వీపనగండ్ల నుంచి అనంతయ్య అనే పెద్దమనిషి వచ్చే శుక్రవారం నీ దగ్గరికి వస్తాడు. కొత్త ఇల్లు కడతారట. కొలతల కాగితం తెస్తాడు. బాగా చూసుకో.

ఇట్లు,
అత్త

తా.క.: అనంతయ్యకు చక్కెర ఉంది, చాయ్‌లో చక్కెర వేయొద్దు. అడిగినా వేయొద్దు.


నాగర్‌కర్నూల్,
మార్చి 27.

అత్తమ్మకు నమస్కారం.

కొలిచాను. ఇది ఏదో ఆఫీసు మూసేసినప్పుడు కొన్న సన్న డబ్బా. వెడల్పు పది సెంటీమీటర్లు కూడా లేదు. కరెంటు పెట్టె మీద రెండు వందల నలభై వాట్లని ఉంది. చీటీలో రాసిన కార్డు ఇందులో పట్టదని నాకు ఇప్పుడే తెలిసింది. నెల రోజుల నుంచి దాని ఫోటోలే చూస్తున్నాను కానీ డబ్బా మూత తీసి చూడలేదు.

అత్తా, ఆ అనంతయ్యను ఎలాగైనా ఆపు. కార్డు లేదు, కంప్యూటర్ బాగాలేదు, నాకు కూడా ఒంట్లో బాగాలేదు. వానాకాలం దాటాక రమ్మను. అసలు ఇల్లు కట్టుకోవడానికి ఇది మంచి సమయం కాదని విన్నాను.

ఇట్లు,
నాగేశ్

తా.క.: ఉత్తరం మడుస్తుంటే ఆయన వచ్చేశాడు. కుర్చీలో కూర్చున్నాడు. చక్కెర అడుగుతున్నాడు.


మానవపాడు,
ఏప్రిల్ 5.

చిరంజీవి నాగేశ్‌కు అత్త దీవెనలు.

కార్డు కొన్నాను. బస్సు పార్సిల్‌లో పంపాను, రసీదు ఇందులో ఉంది.

నీ కొలతలు చూపించగానే కురుమూర్తి మూడు పెట్టెలు పక్కన పెట్టేశాడు. నీకు పనికొచ్చేది ఒకటే మిగిలింది. సగం ఎత్తు, ఒకటే ఫ్యాను, నాలుగు జీబీ. వేరే కరెంటు వైరు అక్కర్లేదు, బిగించిన చోటు నుంచే తీసుకుంటుందట. ఇంకొంచెం తక్కువలో రెండు జీబీది కూడా ఉంది కానీ, అది కొంటే ఏడాదిలో మళ్లీ నా దగ్గరికే వస్తావని కురుమూర్తి రాసి చూపించాడు. ఇరుకు గదిలో పట్టెమంచం వేసుకుంటే మనిషి ఎక్కడ తిరుగుతాడు? మనకు నులకమంచం చాలు.

కార్డు చివర ఉన్న పొడుగు రేకు తీసి, నీ సన్న డబ్బాకు సరిపోయే పొట్టి రేకు అక్కడే బిగించాడు. తెర వైరును పాత రంధ్రంలో కాదు, కొత్త కార్డుకే పెట్టాలట. అందరూ అక్కడే పొరపాటు చేస్తారని నోటుపుస్తకంలో రెండుసార్లు రాశాడు. ఆ కాగితం చింపి నీకు పంపుతున్నాను.

అనంతయ్య నిన్ను మెచ్చుకున్నాడు. కొలతల కాగితం చేతిలో పెడితే చాలాసేపు చూసి, "రెండు దినాలు టైమియ్యండి" అన్నావట. తొందరపడని పిల్లవాడని చెప్పాడు.

ఇట్లు,
అత్త

తా.క.: దరఖాస్తుకు జవాబు వచ్చింది. "పరిశీలనలో ఉన్నది" అని రాశారు. దాచిపెట్టాను.


నాగర్‌కర్నూల్,
మే 4.

అత్తమ్మకు,

నెల రోజులు రాయలేదు. రాయడానికి మొహం లేక రాయలేదు.

కార్డు బిగించాను. తెర నల్లగానే ఉంది. కార్డు పోయిందని ఏడుపొచ్చింది. తర్వాత చూసుకుంటే వైరు పాత రంధ్రంలోనే పెట్టాను. కురుమూర్తికి చెప్పకు.

అసలు సంగతి ఇది. నేను నీకు అబద్ధం చెప్పాను. ఇళ్ల బొమ్మలు చేయడం నాకు రాదు. ఎవరో చేస్తుంటే చూశాను, అంతే. కార్డు ఆటలాడుకోవడానికి అడిగాను. స్నేహితులందరూ ఆడుతుంటే నా కంప్యూటర్లో ఆ ఆట తెరుచుకోదు. ఆట కోసమంటే నువ్వు కొనవనుకొని ఇళ్ల బొమ్మలన్నాను.

అనంతయ్య వచ్చిన రోజే నిజం చెప్పేద్దామనుకున్నాను. కానీ ఆయన సంచిలో నుంచి ఆ కాగితం ఎంత జాగ్రత్తగా తీశాడో నువ్వు చూడలేదు. ప్లాస్టిక్ కవరు, అందులో బట్ట, అందులో కాగితం. చెప్పలేకపోయాను. ఆ రోజు నుంచి వీడియోలు చూసి నేర్చుకోవడం మొదలుపెట్టాను. మొదటి బొమ్మ చూపిస్తే ఆయన కళ్లద్దాలు తుడుచుకొని, "మెట్లెక్కినంక గోడకు గుద్దుకోవాల్నా బిడ్డా?" అని అడిగాడు. రెండో దాంట్లో వంటింటికి తలుపు మరిచిపోయాను. "అన్నం కిటికీల నుంచి అందిస్తరా?" అన్నాడు. ఒక్కసారి కూడా కోప్పడలేదు. అది ఇంకా కష్టంగా ఉండేది.

ఏడోసారి ఆయన భార్య జానకమ్మ కూడా వచ్చింది. అంతా చూసి, పొయ్యి దగ్గర నిలబడితే వాకిలి గేటు కనపడేలా ఒక కిటికీ కావాలంది. దానికోసం వంటింటిని మొత్తం తిప్పాల్సి వచ్చింది. నాలుగు రోజులు పట్టింది. కిటికీ తెరిచి ఉన్నట్టు, అందులో నుంచి వాకిట్లో ఎండ పడ్డట్టు చేసి చూపించాను. ఆమె కుర్చీలో నుంచి లేచి దగ్గరికొచ్చింది. తెర మీద కిటికీ దగ్గర వేలు పెట్టి అలాగే నిలబడింది.

ఇప్పుడు ఇంకో ఇద్దరు అడుగుతున్నారు. నాకు ఇప్పుడు ఈ పని వచ్చు. కానీ నీ దగ్గర అబద్ధంతో మొదలైంది కాబట్టి కార్డు వెనక్కి ఇవ్వమంటే ఇచ్చేస్తాను. ఆట మాత్రం ఈ రోజే తీసేస్తున్నాను.

ఇట్లు,
క్షమించమని అడుగుతూ,
నాగేశ్

తా.క.: ఒక వారం ఆడాను. అది కూడా చెప్పేస్తున్నాను.


మానవపాడు,
మే 11.

చిరంజీవి నాగేశ్‌ను అత్త మనసారా దీవించి రాయునది.

నీ అబద్ధం నాకు మార్చిలోనే తెలుసు. చీటీ చదవగానే కురుమూర్తి నోటుపుస్తకంలో మొదట రాసింది కొలత సంగతి కాదు. "ఇది ఆటలాడెటోళ్లు అడిగే కార్డు అమ్మా" అని రాశాడు. గద్వాల బస్టాండులో కూర్చున్నాను. కోపంలో ఒక బస్సు వదిలేశాను. రెండో బస్సు వచ్చేసరికి ఒక సంగతి తోచింది. పిల్లవాడు చెప్పింది అబద్ధమే, కానీ నిజం చేసుకోదగ్గ అబద్ధం. చేసుకునే అవకాశం ఇద్దామనుకున్నాను.

ఇప్పుడు నా అబద్ధం చెబుతాను. అనంతయ్యకు కొత్త ఇల్లు లేదు. ఆయన మేస్త్రీ. వీపనగండ్ల చుట్టుపక్కల నలభై ఇళ్లు కట్టాడు. నువ్వు చేసిన బొమ్మ నా ఇల్లురా. మీ మామ కట్టిన మిద్దె పోయిన వానలకు ఒక పక్క కుంగింది. దాన్ని తీసి కొత్తది కట్టుకుందామని సంవత్సరం నుంచి అనుకుంటున్నాను. నా ఇల్లని చెబితే నువ్వు నాలుగు గీతలు గీసి బాగుంది కదా అత్తా అనేవాడివి. నేను బాగుంది బిడ్డా అనేదాన్ని. చివరికి మెట్లు గోడకు తగిలే ఇంట్లో నేను కాపురముండేదాన్ని. పరాయివాళ్లైతే ఒళ్లు దగ్గర పెట్టుకొని చేస్తావు. చేశావు.

కిటికీ కూడా జానకమ్మ అడిగింది కాదు, నేను చెప్పి పంపిందే. గేటు దగ్గర ఎవరు పిలిచినా నాకు వినపడదు. వచ్చినవాళ్లు పిలిచి పిలిచి వెళ్లిపోతున్నారు. కనపడితే చాలు. నువ్వు చేసిన బొమ్మను అనంతయ్య కాగితం మీద తీయించి తెచ్చాడు. గోడకు పెట్టుకున్నాను. పొద్దున ఆ బొమ్మ కిటికీలో నుంచి చూస్తే నువ్వు గేటు తీసుకొని వస్తున్నట్టే ఉంది.

వచ్చే బుధవారం కొత్త ఇంటికి ముగ్గు పోస్తున్నాం. అమ్మను తీసుకొని మంగళవారమే రా. కార్డు నీదే. వెనక్కి ఇస్తానని ఇంకోసారి రాయకు.

ఇట్లు,
నీ అత్త
బాలనాగమ్మ

తా.క.: ఆట తీసేయకు. కురుమూర్తి షాపులో నేనూ ఒకటి ఆడాను, ట్రాక్టరుతో పొలం దున్నేది. చేసినవాళ్లకు సాలు పట్టడం రాదు కానీ ట్రాక్టరు బాగుంది. రెండెకరాలు దున్నాక కురుమూర్తి షాపు మూసే వేళైందని లేపాడు. వచ్చేటప్పుడు నీ కంప్యూటర్ డబ్బా కూడా తీసుకొని రా. ఆ ఆటలో నేను దున్నగా మిగిలిన చేను అలాగే పడి ఉంది.