యాదయ్య కాకకు చెప్పిన మాట

బాపూ,

నువ్వు పోయి నేటికి రెండేళ్లు. జిన్నారంలో నువ్వు పనిచేసిన మందుల కంపెనీని ఒక విదేశీ కంపెనీ కొనుక్కుంది. ఎంబీఏలో ఇంటర్నేషనల్ ఫైనాన్స్ చదువుతున్నాను కదా, ప్రాజెక్టుకు ఆ అమ్మకాన్నే తీసుకున్నాను. కొన్నవాళ్ల పాత నివేదికలు చదివాను. వేరే దేశాల్లో ఇలాంటి చిన్న యూనిట్లను కొని, కొన్నాళ్లకే మూసేశారు.

సాయంత్రం పటాన్‌చెరు బస్టాండులో నీ షిఫ్టు దోస్తు యాదయ్య కాక కలిశాడు.

"కొత్త సేట్లు వచ్చిన్రు బిడ్డా! భానూర్ల ఉన్న నౌకరి ఇడిసిపెట్టి మా కంపెనీల చేరమని అల్లునికి చెప్పిన," అన్నాడు సంబరంగా.

నేను చదివింది తప్పయితే ఆ అల్లుడికి మంచి అవకాశం పోగొట్టినదాన్నవుతాను. నిజమై, నేను చెప్పకపోతే ఆ ఇంటి గతేమిటి?

"జెర ఆగమను కాకా. కంపెనీ మూతపడేటట్టుంది."

కాక ముఖం పాలిపోయింది. "మీ సార్లు చెప్పిన్రా?"

"లేదు. నేనే చదివిన."

వెంటనే అల్లుడికి ఫోన్ చేశాడు. "ఇప్పుడే నౌకరి ఇడువకు. మా నర్సింలు బిడ్డ చెప్పింది."

నీ కూతుర్నని నమ్మి నన్ను ఇంకో మాట అడగలేదు. బస్సెక్కి ఆ నివేదికలే మళ్లీ మొదటి నుంచి చదవడం మొదలుపెట్టాను బాపూ.