పెరటి మెట్ల లైటు

బుజ్జమ్మా,

బడి నుంచి రాగానే పాలు తాగు. ఫ్లాస్కులో పోశాను, మళ్ళీ స్టవ్ వెలిగించే పని లేదు. నేను పళ్ళ డాక్టరు దగ్గరికి వెళుతున్నాను. వచ్చేసరికి చీకటి పడుతుంది.

పెరటి మెట్ల లైటు ఆర్పాను. మీ టీచరమ్మ కరెంటు ఆదా చెయ్యమని ఇచ్చిన చార్టులో నా పేరు పక్కన ఆరు ఇంటూలు పెట్టావు. ఆరూ ఆ లైటుకే. "పట్టపగలు ఎవరికోసం వేశావు తాతయ్యా?" అని నిన్న నిలదీస్తే నీమీద అరిచాను. నీ తప్పు లేదు. టీచరమ్మ తప్పూ లేదు.

ఈ ఇంట్లో లైట్లు ఆర్పడంలో నీకంటే నేనే ముందు. "ముప్పై ఏళ్ళుగా దిగే మెట్లకు లైటెందుకే?" అని ఆ సాయంత్రం మీ నానమ్మను కసిరి ఆర్పేశాను. ఎండిన బట్టలు మోసుకొస్తూ ఆమె మూడో మెట్టు తప్పి పడింది. మళ్ళీ మంచం దిగలేదు. అప్పటినుంచి ఇవాళ్టిదాకా ఆ స్విచ్ ఆపడానికి నాకు చెయ్యి రాలేదు.

పొద్దు వాలగానే, మీ అమ్మ పెరట్లోకి వెళ్ళేలోపే, ఆ లైటు వెయ్యి.

ఇంటూలు చెరపకు. ఆర్పకూడనప్పుడు ఆర్పినవాళ్ళకి నీ చార్టులో గడి లేదు. ఒకటి గీసి, మొదట నా పేరు రాయి.