‘లేదు’ నొక్కితే మాయమయ్యే ప్రశ్నలు

మహదేవపుర,
బెంగళూరు, 7 జూన్ 2004

ప్రియమైన ఛాయకు,

నేను బాగున్నాను. గుంతకల్లు స్టేషన్లో టికెట్లు ఇచ్చి ఇచ్చి నొప్పి పుట్టిన నీ చెయ్యి ఎలా ఉంది?

మా ఆఫీసులో ఉద్యోగుల వివరాలు రాసే కాగితం ఫారాలు తీసేసి కంప్యూటర్లో పెడుతున్నారు. ఆ పని నాకు అప్పజెప్పారు. ఒక ప్రశ్నకు ఇచ్చిన జవాబును బట్టి తర్వాతి ప్రశ్న కనబడుతుంది, లేదా కనబడదు. ఆ కండిషన్లు పెట్టేది నేనే. మొన్న నా పేరుతోనే పరీక్షించాను. ‘పెళ్ళయిందా?’ దగ్గర ‘లేదు’ నొక్కగానే భార్య గురించిన తొమ్మిది ప్రశ్నలూ మాయం. ఎంత హాయిగా అనిపించిందో!

నీ సెలవు మంగళవారం, నాది ఆదివారం. పెళ్ళయిన ఈ ఏడాదిలో మనం రోజంతా కలిసి ఉన్నది పదకొండు రోజులే.

ఇట్లు,
నీ ఓబులేసు

గుంతకల్లు,
11 జూన్

శ్రీవారికి ఛాయాదేవి నమస్కారాలు.

పెళ్ళి కాలేదని నొక్కగానే హాయిగా అనిపించిందని రాశారు. ఇక్కడ ఎవరైనా బెంగళూరుకు టికెట్ అడిగితే, ఒక్క క్షణం చేతిలో ఉంచుకొని గాని ఇవ్వలేకపోతున్నాను నేను.

పక్క కౌంటర్ అక్కయమ్మకు మీ ఉత్తరం చదివి వినిపించాను. “కండిషన్లు పెట్టేది తనే అని ఆయప్పే రాసినాడు గదా, ఇంకేముండాది” అంది. నాకు పెట్టిన కండిషన్ ఏమిటో అదీ రాయండి.

ఛాయాదేవి

తా.క.: ఆ తొమ్మిదింటిలో నా పేరు ఎన్నోది?

మహదేవపుర,
16 జూన్

ఛాయా,

నీ పేరు మొదటిదే. హాయి అన్నది ఫారం పనిచేసినందుకు, నువ్వు మాయమైనందుకు కాదు.

నీ ఉత్తరం చదివి, ఈసారి ‘అవును’ నొక్కాను. ‘భార్య మీతో ఉంటున్నారా?’ లేదు. వెంటనే నేను పెట్టిన ప్రశ్నే ఇంకోటి తెరుచుకుంది: ‘కంపెనీ మీకు ఏం చేయగలదు?’ ఎవరూ చూడరు కదా అని మనసులో ఉన్నదంతా రాశాను. నా సెలవు మంగళవారానికి మార్చమని, మారతహళ్ళిలోని నా గదిలో ఎవరూ తినని రెండో కంచాన్ని రోజూ కడుగుతున్నానని. ‘పంపు’ నొక్కాక తెలిసింది, అది పరీక్ష ఫారం కాదు, అసలుది.

మేనేజరు రాజగోపాల్ సార్ పిలిచారు. చాలాసేపు కళ్ళద్దాలు తుడుచుకున్నారు. “ఆ కంచం నిజంగానే కడగతావా అప్పా?” అని అడిగి, సంతకం చేశారు. వచ్చే వారం నుంచి ఆరు నెలలు నాకు మంగళవారం సెలవు.

నీ ఓబులేసు

తా.క.: ఫారం నకలు ఆఫీసులోని నూట నలభై మందికీ వెళ్ళింది. క్యాంటీన్లో నాకు రెండు కంచాలు పెడుతున్నారు.

గుంతకల్లు,
21 జూన్

ఏమండీ,

మీ జవాబు కోసం ఆగలేకపోయాను. ఆదివారం వచ్చి ముఖం మీదే అడుగుదామని అక్కయమ్మతో సెలవు మార్చుకున్నాను. ఇక ఆమెకు మంగళవారం, నాకు ఆదివారం. ఆరు నెలల దాకా ఇదే అని ఆర్డరు చేతికొచ్చిన గంటకు మీ ఉత్తరం అందింది.

వెనక్కిమ్మని అడిగాను. “మంగళవారం నా మొగుడూ ఇంట్లో ఉంటాడమ్మా. ఎనిమిదేండ్లుగా ఆఫీసులో అడగతానే ఉండాను” అంది. ఆర్డరు మడిచి సంచిలో పెట్టుకున్నాను.

అయినా మంగళవారం రండి. పొద్దున ఎనిమిది నుంచి రెండింటి దాకా రెండో కౌంటర్లో ఉంటాను. క్యూలో నిలబడండి. మీ వంతు వచ్చాక, ఎక్కడికి అని అడుగుతాను.

మీ ఛాయ

తా.క.: వెంటనే చెప్పకండి.