ఆరు టిక్కులు

మ్యూనిక్, మే 17, శనివారం

టిల్మన్,

ఎదురుగా అడిగితే జనంలోకి జారుకున్నావు కనుక రాస్తున్నాను. ఆడియో ప్రదర్శన రేపటితో ముగుస్తుంది.

ఈరోజు మన గదిలో, మీ తాతయ్య తయారుచేసిన రికార్డు ప్లేయర్ మీద ఆయన రికార్డే తిరిగింది. మూడో పాట మధ్యలో అది ఆరుసార్లు టిక్కుమనాలి. రికార్డు మీద ఆ గీత నా ఉంగరం వల్ల పడింది. నాలుగు విడతలు విన్నాను. ఒక్క టిక్కూ లేదు. బల్లగుడ్డ ఎత్తి చూస్తే కింద కంప్యూటరు పాడుతోంది.

నా పక్కన, వినడానికి వచ్చిన ఓస్టర్‌కాంప్ గారు కళ్ళు మూసుకుని, "సూది పాటంటే ఇదయ్యా, కంప్యూటరుకి చస్తే రాదు" అన్నారు. నువ్వు "బాగా పట్టుకున్నారండీ" అన్నావు. నాతో మాత్రం, "సూది విరిగింది నాన్నమ్మా, ఎవరికి తెలిసిందిలే" అన్నావు.

నాకు తెలిసింది. ఆ ప్లేయర్ మీద ఉన్నది మీ తాతయ్య పేరు.

1. రేపు తొమ్మిదికి తలుపు తీసేలోగా కంప్యూటరు గదిలో ఉండకూడదు.
2. ఈ కవరులో సూది ఉంది. నా ప్లేయర్ నుంచి తీశాను. బిగించు.
3. పదింటికి ఓస్టర్‌కాంప్ గారిని మళ్ళీ పిలిచాను. జరిగింది నీ నోటితోనే చెప్పాలి.
4. చెప్పకపోతే, ఆయన ఎదుటే మీ తాతయ్య పేరున్న పలకను ప్లేయర్ నుంచి ఊడదీస్తాను. స్క్రూడ్రైవరు నా సంచిలో ఉంది.