కట్టు విప్పని బైబిలు

తిరువళ్ళూరు,
నవంబరు 4, 2024

ప్రభువు నామంలో సరసక్కకు తమ్ముడు పచ్చయ్యప్ప వందనాలు. ఇక్కడ నేను, శశికళ, మా వాడు గుణ క్షేమం. నీ మోకాలు కూడా క్షేమమని తలుస్తాను.

ఈ కాలంలో ఉత్తరమేమిటని ఆశ్చర్యపోకు. నేను ఫోను మానేశాను. నిన్న గుడిలో పాస్టరు అయ్యగారు చిన్న పాపాల గురించి చెప్పారు. హత్యలు చేసేవాళ్ళు మన సంఘంలో లేరు, ఇంతే కదా అని వదిలేసేవే మనల్ని తింటాయి అన్నారు. నాకు నాన్న మగ్గం గుర్తొచ్చింది. "పడుగులో ఒక్క పోగు తెగినా మగ్గం ఆపి ముడెయ్యాల. ఒకటే కదా అని నేస్తా పోతే చీర కడదాకా గీత పడతాది" అనేవాడు. ఇంటికొచ్చి ఆలోచిస్తే నా అబద్ధాలన్నీ ఫోనులోనివే. స్నానానికైనా లేవకుండా "రైల్లో అరక్కోణం దాటేసినా" అంటుంటాను. కాగితం మీదైతే చెయ్యి కాస్త ఆగుతుంది.

అక్కా, నీకు నేనొక చిన్న పాపం చేశాను. అమ్మ పోయిన రోజున. పందొమ్మిదేళ్ళయింది. రాయడానికి చెయ్యి రావడం లేదు, నువ్వొస్తే ముఖాముఖి చెబుతాను. ఈసారైనా సాయంత్రం రైలుకు పరుగెత్తకుండా ఒక రాత్రి మా ఇంట్లో ఉండు. ఇన్నేళ్ళలో ఒక్కసారీ ఉండలేదు నువ్వు. అది నాకు బాధగా ఉంది.

అబద్ధాలు తగ్గించుకుంటున్న నీ తమ్ముడు,
పచ్చయ్యప్ప

తా.క.: పైన నీ మోకాలు క్షేమమని తలుస్తానన్నాను. నిజానికి అది రాసేదాకా నీ మోకాలు గుర్తే లేదు. మన్నించు.

---

తిరుత్తణి,
నవంబరు 9

తమ్ముడికి అక్క సరసమ్మ దీవెనలు. నీ ఉత్తరం చదివి రెండు పూటలు అన్నం దిగలేదు. మూడో పూట దిగింది.

చిన్న పాపమని నువ్వంటే నమ్మడానికి నేనేమైనా నిన్న పుట్టానా? పెద్దదే. పెద్దది చేసే ధైర్యం నీకెక్కడిది? చేసింది శశికళే. అమ్మ చెవి కమ్మలు కనబడలేదని ఆ రోజే అనుకున్నాను. నేనొచ్చినప్పుడల్లా మీ లోపలి గదికి తాళం ఎందుకుంటుందో ఇప్పుడు తెలిసింది. పడుకోవడానికి గదే లేకపోతే ఆడబిడ్డ రైలెక్కక ఏం చేస్తుంది? పెళ్ళాం పాపాన్ని నెత్తినేసుకుంటున్నావు, వెర్రి తమ్ముడా.

నేనెవరికీ చెప్పలేదు. బుధవారం స్త్రీల కూటంలో ప్రార్థన అంశంగా మాత్రం పెట్టాను. పేరు కూడా చెప్పలేదు. తిరువళ్ళూరులో మా తమ్ముడి భార్య ఒకామె అన్నానంతే. కమ్మలు బయటికొచ్చేదాకా మీ గడప తొక్కను.

ప్రార్థనతోనూ కోపంతోనూ,
అక్క సరసమ్మ

తా.క.: లోపల చోటు చాలక ఈ మాట బయటి మడత పైన రాస్తున్నాను. ఈ ఉత్తరం శశికళకు చూపించకు.

---

తిరువళ్ళూరు,
నవంబరు 15

సరసక్కకు వందనాలు. అందరూ క్షేమమని రాస్తే అబద్ధమవుతుంది.

పోస్టుమ్యాన్‌కు తెలుగు రాదు. గుణకు తమిళమే చదవడం వచ్చు. మా వీధిలో నేను కాక తెలుగు చదివేది నగరి నుంచి కాపురానికొచ్చిన శశికళ ఒక్కతే. ఉత్తరం ఆమె చేతికే ఇచ్చి వెళ్ళాడు.

అంతకు ముందురోజే మీ కూటం వార్త రైలెక్కి వచ్చేసింది. మా సంఘం ఆడవాళ్ళు అయిదుగురు వచ్చి, శశికళ తలమీద చేతులుంచి, దొంగబుద్ధి తొలగాలని ప్రార్థించి, కాఫీ తాగి వెళ్ళారు. ఎందుకో తెలియకపోయినా ఆమె మర్యాదకు ఆమేన్ అన్నది. మర్నాడు నీ ఉత్తరంతో అర్థమైంది. కేకలు వెయ్యలేదు. నా ఎదురుగా కూర్చుంది.

"తాళం ఏసింది నువ్వు. పందొమ్మిదేండ్లు చెడ్డపేరు మోసింది నేను. ఎందుకేసినావో ఇప్పుడన్నా చెప్పు."

ఆమెకు చెప్పిందే నీకూ చెబుతున్నాను. కమ్మలు కాదక్కా, అమ్మ బైబిలు. పొదటూరుపేటలో మన పాత ఇంట్లో అమ్మ తలాపున చీరముక్కలో కట్టి ఉన్నదాన్ని నా సంచిలో పెట్టుకున్నాను. నువ్వొచ్చి "అమ్మ బైబిలు యాడుందిరా?" అంటే "నేను చూళ్ళేదక్కా" అన్నాను. ఒక్క మాట. దాన్ని కాపాడడానికి బీరువా కావలసివచ్చింది, బీరువా ఉన్న గదికి తాళం కావలసివచ్చింది. తాళం వల్ల నీకు పడక లేకపోయింది, శశికళకు మంచిపేరు లేకపోయింది. ఆ కట్టు ఇంతవరకు విప్పలేదు. దొంగిలించిన బైబిలు తెరిస్తే ముందుగా ఏ ఆజ్ఞ కనబడుతుందోనని భయం. వచ్చి తీసుకుపో. నన్ను తిట్టు. శశికళతో మాత్రం ఒక మంచి మాట చెప్పు.

సిగ్గుతో,
పచ్చయ్యప్ప

తా.క.: నిన్న ఆ అయిదుగురినీ పిలిచి నిజం చెప్పాను. ఈసారి నా బట్టతల మీద చేతులుంచారు. ఆరో చెయ్యి శశికళది. అది కొంచెం గట్టిగానే పడింది.

---

తిరుత్తణి,
నవంబరు 20

ముందుగా మరదలు శశికళకు, ఆ తర్వాత తమ్ముడికి, తల వంచుకొని సరసమ్మ రాసేది.

శశికళా, ఉత్తరం నీ చేతికే వస్తుందని తెలిసి నీకే రాస్తున్నాను. కమ్మలు మా కోడలు మంజు చెవులకే ఉన్నాయి. దాని పెళ్ళికి అమ్మే ఇచ్చిందట. రోజూ చూస్తూనే నీమీద నింద వేశాను. క్షమించమ్మా.

ఇక అసలు సంగతి. తమ్ముడూ, నీ సంచిలో పడ్డది అమ్మ బైబిలు కాదు. నీకంటే గంట ముందే దాన్ని నేను తీసేసుకున్నాను. ఆ చోటు ఖాళీగా కనబడకూడదని, అంతే లావున్న టెలిఫోన్ డైరెక్టరీని అదే చీరముక్కలో కట్టి పెట్టాను. యాడుందిరా అని నిన్నడిగింది నామీద అనుమానం రాకూడదనే. నువ్వు చూళ్ళేదంటే బతికిపోయాననుకున్నాను. నేతగాడి కొడుకువి, అది అమ్మ వేసే ముడి కాదని ఒక్కసారైనా చూడకూడదా?

మీ ఇంట్లో రాత్రి ఉండనిది గది లేక కాదు. ఉంటే తెల్లవారి కుటుంబ ప్రార్థనలో అమ్మ బైబిలు మాట వస్తుంది, నా మొహం పట్టిస్తుంది. నీ తాళం నాకు మంచి సాకైంది. ఆ బైబిలును నేనూ చదివింది లేదు. బియ్యం డబ్బా వెనక దాచి, దొంగ భయంతో దుమ్ము మాత్రం తుడిచేదాన్ని. నాన్న చెప్పిన తెగిన పోగు నీదొక్కడిదే కాదురా.

ఈ రోజు కూటంలో లేచి నిలబడ్డాను. ఈసారి పేరు చెప్పాను, నా పేరు. శనివారం పొద్దున రైలుకు బైబిలు తీసుకొని వస్తున్నాను. శశికళా, ఆ గదిలోనే నాకు పక్క వెయ్యి. ఆదివారం తెల్లవారి అందులోంచి నువ్వే చదవాలి. మేమిద్దరం కూర్చుని వింటాం.

మీ ఇంట్లో ఒక రాత్రి బాకీ ఉన్న,
సరసమ్మ

తా.క.: డైరెక్టరీ పారెయ్యకు. ఆ రోజు కట్టేటప్పుడు చూశాను. బైబిల్లో తనకు నచ్చిన మాటల కింద గీసినట్టే, అందులో నీ పేరు కింద అమ్మ ఎర్ర పెన్సిలుతో గీత గీసుకుంది.